సిస్టరమ్మ అబద్ధాలు

కుట్టు మిషనుకు నూనె వేసి నాలుగుసార్లు ఖాళీగా తొక్కితే ఒక వాసన వస్తుంది. ఇనుమూ నూనే పాత దారపు పీచూ కలిసిన వాసన. ఆళ్లగడ్డలో మా వీధి నిండా శిల్పుల కొట్టాలే కాబట్టి పొద్దున ఏడింటికే ఉలుల చప్పుడు మొదలవుతుంది. తలుపు తీసేసరికి గడప మీద సన్నటి రాతిపొడి పరుచుకుని ఉంటుంది. దాన్ని తుడిచి, మిషన్ల మీద కప్పిన గుడ్డలు తీసి, ఒక్కోదానికి రెండేసి చుక్కలు నూనె వేయడంతో నా రోజు మొదలవుతుంది. ఈ పొద్దున కూడా ఆ వాసన ముక్కుకు తగలగానే ఎస్తేరమ్మ సిస్టరు గుర్తొచ్చింది. ఆమెకు ఈ వాసన అస్సలు పడేది కాదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఛీ, దీనికంటే ఫినాయిలు వాసనే మేలు" అనేది. ఊరికి కుట్టు శిక్షణ కేంద్రం పెట్టిన మనిషి మాట ఇది!

సిస్టరమ్మది నంద్యాల. బతుకంతా ఆసుపత్రుల్లో నర్సుగా చేసింది. పొట్టిగా గుండ్రంగా ఉండేది. తెల్లచీర, చేతిలో నల్లగొడుగు, ఎండ ఉన్నా లేకపోయినా సరే. ఆదివారం చర్చిలో అందరికంటే పెద్ద గొంతుతో పాడేది, అందరికంటే ఎక్కువ తప్పులతో పాడేది. హెచ్.ఐ.వి. అని తెలిస్తే సొంత మనుషులే గ్లాసూ కంచమూ వేరు పెట్టే రోజులవి. వార్డులో అట్లాంటి వాళ్లను ఎంతోమందిని చూసిన మనిషి కనుక, ఉద్యోగం నుంచి దిగిపోయిన మర్నాడే నంద్యాలలో తన ఇంటి వరండాలో ఒక బెంచీ వేసి, పక్కన నీళ్లకుండ పెట్టింది. మా సంస్థ పుట్టుక అదే. ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టేది, తర్వాత నీళ్లిచ్చేది, ఆ తర్వాతే సంగతేమిటని అడిగేది. వచ్చేవాళ్లలో చాలామంది ఆళ్లగడ్డ వైపు వాళ్లు. బస్సులో మొహానికి కొంగు కప్పుకుని, దొంగల్లాగా దిగేవాళ్లు. అది చూడలేక, "మీరు నా కాడికి వొచ్చేదేంది, నేనే వొస్తా మీ కాడికి" అని ఆళ్లగడ్డలో ఈ రెండు గదులు అద్దెకు తీసుకుంది.

తీసుకున్నది బాగానే ఉంది. బోర్డు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయించింది. హెచ్.ఐ.వి. సహాయ కేంద్రం అని, ఎర్ర రంగుతో, బస్సులోంచి కూడా కనిపించేంత అక్షరాలతో. నెల రోజుల్లో ఆ గడప తొక్కిన ప్రాణి ఒక మేక మాత్రమేనట. అప్పుడు సిస్టరమ్మకు జ్ఞానోదయమైంది. ఆ బోర్డు పీకించి, దాని చోట 'కుట్టు శిక్షణ కేంద్రం' అని రాయించింది. ఆడవాళ్లు వచ్చినా పోయినా ఎవరూ అనుమానపడరని ఆమె లెక్క. నమ్మకం కలగడానికి కిటికీ దగ్గర ఒక పాత మిషను కూడా పెట్టింది. దానికి బెల్టు లేదు. సిస్టరమ్మకేమో సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మనుషులకు కుట్లు వేసింది గానీ, గుడ్డలను ఏనాడూ కుట్టలేదు.

నేను వెళ్లేనాటికి ఆ బోర్డు పెట్టి రెండు నెలలు. నా పేరు ఓబులమ్మ. మా ఆయన కర్నూలు కడప రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఆయన జబ్బుతో పోయాక నాకూ పరీక్ష చేశారు, నాకూ ఉందన్నారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. అత్తగారింటి నుంచి ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చాను. మా నాయన శిల్పుల దగ్గర విగ్రహాలకు నునుపు పట్టే పని చేసేవాడు. మాటలు తక్కువ మనిషి. ఎవరి ద్వారానో సిస్టరమ్మ సంగతి తెలుసుకుని, ఒక గురువారం నన్ను ఆ గడప దాకా తీసుకొచ్చి, తను బయట అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపలికి పోయి ఏడుపు మొదలుపెట్టాను. ఆమె ఓదార్చలేదు. నీళ్లిచ్చి, గొడుగు గోడకు ఆనించి, నా ఎదురుగా కూర్చుంది.

"ఏడుపు అయినంక చెప్పు. మాత్రలు ఎట్ల మింగాల్నో చెప్తా" అంది.

"నేను సస్తానా సిస్టరమ్మా?" అని అడిగాను.

"సస్తావు. నేను గూడా సస్తా. వయసు జూడు, నేనే ముందు పోతా. అంతవరకు నువ్వు ఒక్క పూట మాత్ర మానొద్దు."

మూడోసారి వెళ్లినప్పుడు జరిగింది అసలు సంగతి. మేమిద్దరం కూర్చుని ఉండగా గుమ్మంలో ఒక నిలువెత్తు మనిషి వచ్చి నిలబడింది. బరువైన కమ్మలు, నడుముకు దోపిన కొంగు, వెనకాల ఒదిగి నిలబడ్డ ఒక అమ్మాయి. ఆమె రామసుబ్బమ్మ. పక్క ఊళ్లో తరతరాలుగా సేద్యం ఉన్న ఇంటి కోడలు. ఆ అమ్మాయి ఆమె కూతురు శారద.

"కుట్టు నేర్పిస్తారంట గదా ఈడ?" అంది రామసుబ్బమ్మ.

సిస్టరమ్మ నోరు తెరిచింది, మూసింది. కాదంటే మరి ఆ బోర్డేమిటి? "నేర్పిస్తామమ్మా" అంది నీరసంగా.

"టీచరు యాడ?"

సిస్టరమ్మ గది చుట్టూ చూసింది. గదిలో ఉన్నవి బెల్టు లేని మిషను, నీళ్లకుండ, నేను. ఆమె వేలు నావైపు తిరిగింది. "ఇదో, ఈమే."

అప్పటికి నా కళ్లు ఏడ్చి ఏడ్చి బజ్జీల్లాగా ఉబ్బి ఉన్నాయి. రామసుబ్బమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఏంది, టీచరమ్మ ఏడుస్తాండాది?" అంది.

"మిషను బెల్టు తెగిపోయిందని" అంది సిస్టరమ్మ, రెప్ప కూడా వేయకుండా.

సోమవారం నుంచి వస్తామని చెప్పి తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు. వాళ్లు వీధి మలుపు తిరిగాక సిస్టరమ్మ నన్ను అడిగింది, "నీకు కుట్టు వొచ్చునా?" అని. మా మేనత్త పెళ్లికి ముందు నేర్పింది, కొంచెం వచ్చునన్నాను. ఆమె వెంటనే కళ్లు మూసుకుని చేతులు జోడించింది. "ప్రభువా, అబద్ధమాడినా. మన్నించు. సోమవారం లోపల నిజం జేస్తా." తర్వాత ఒక కన్ను తెరిచి, "దేవుడు అబద్ధాన్ని మన్నిస్తాడమ్మీ. అబద్ధమాడి సగంలో వొదిలేస్తే మాత్రం మన్నియ్యడు" అంది. నేను నవ్వాను. మా ఆయన పోయాక అదే మొదటిసారి నవ్వడం. బయట అరుగు మీదున్న నాయన, ఏం మునిగిపోయిందోనని లోపలికి తొంగి చూశాడు.

సోమవారానికి మూడు మిషన్లు వచ్చాయి. నంద్యాలలో చర్చి కుటుంబాల ఇళ్లల్లో టీవీల కింద బల్లలుగా పడి ఉన్నవాటిని, ఆ టీవీలు దింపించి మరీ తెచ్చింది మహాతల్లి. శారదతో పాటు ఇంకా ఆరుగురు చేరారు. వాళ్లకు మా సంగతేమీ తెలియదు. నాకు వచ్చిందంతా మేనత్త పద్ధతి. అందులో ఒక నియమం ఉండేది. రవికకు అన్ని హుక్కులూ ముందే కుట్టకూడదు. చివరి హుక్కు మనిషికి తొడిగాక, ఊపిరి పీల్చుకోమని చెప్పి, అప్పుడు ఎక్కడ కావాలో చూసి అక్కడ కుట్టాలి. ఒంటికి అతికినట్టు వస్తుంది. అదే మా పిల్లలకు నేర్పాను. వాళ్లు నన్ను "టీచరూ" అని పిలిచేవాళ్లు. బయట నేను లారీ డ్రైవరు పెళ్లాన్ని, మొగుణ్ణి మింగినదాన్ని. ఆ నాలుగు గోడల మధ్య మాత్రం టీచరును. ఆ పిలుపు కోసమే పొద్దున్నే లేచేదాన్ని, ఆ పిలుపు కోసమే మాత్ర మింగేదాన్ని. దాచి చెప్పడమెందుకు, అది పోతే మళ్లీ ట్రంకుపెట్టె పక్కన మూలన కూర్చోవాల్సిందేనని నా భయం.

మరి జబ్బున్న మా వాళ్లు కలుసుకునేది ఎప్పుడు? దానికి సిస్టరమ్మ ఇంకో అబద్ధం కనిపెట్టింది. 'గురువారం తరగతులు లేవు, మిషన్ల రిపేరు' అని తలుపు మీద కాగితం అంటించింది. ఆ రోజు మా వాళ్లు వచ్చి మాత్రల గురించీ మనసులో బాధల గురించీ మాట్లాడుకునేవాళ్లు. రెండు వారాలు గడిచాయో లేదో, చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం పాడైన మిషన్లు ఆటోల్లో వేసుకుని గురువారం గురువారం దిగడం మొదలుపెట్టారు! సిస్టరమ్మ తల పట్టుకుంది. మా గుంపులో మస్తాన్ అని ఒకాయన ఉండేవాడు. సున్నిపెంటలో డ్యాము క్వార్టర్లలో ఫ్యాన్లు బాగుచేసేవాడు, మా కోసం అంతదూరం నుంచి వచ్చేవాడు. సిస్టరమ్మ వేలు అతనివైపు తిరిగింది. "సిస్టరమ్మా, నాకు ఫ్యాన్లు తెల్సు గానీ మిషన్లు యాడ తెల్సు?" అని అతను మొత్తుకున్నాడు. "రెండూ తిరిగేవే గదప్పా" అంది. మూడు నెలల్లో మస్తాన్ అన్న చేయి పడితే మిషను కొత్తదానిలా నడిచేది. ఆమె ఒక అబద్ధం ఆడటం, మేమంతా పడుతూ లేస్తూ దాన్ని నిజం చేయడం, ఇదీ మా సంస్థ నడిచిన పద్ధతి.

ఒకసారి మాత్రం నవ్వులాటగా పోలేదు. శారదకు అంచు కుట్టడం చూపిస్తూ నేను వేలు పొడుచుకున్నాను. రక్తం చుక్క గుడ్డ మీద పడింది. పిచ్చిది, గబుక్కున నా వేలు పట్టుకోబోయింది. నేను "ముట్టుకోవాకు!" అని అరిచి చేయి లాక్కున్నాను. మిగతా పిల్లలు మిషన్లు తొక్కడం ఆపేశారు. శారద కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సిస్టరమ్మ నన్ను వెనక్కి తీసుకుపోయి, సబ్బుతో చేయి కడిగించి, గుడ్డ చుట్టింది. "రక్తం తగలనియ్యకుంటే సాలు. ఆ మాత్రం జాగ్రత్త ఎవురికైనా ఉండాల్సిందే. మనిషిని దూరం తోస్తావెందుకు?" అంది. "తెలిస్తే వాళ్లే తోస్తారు గదా సిస్టరమ్మా" అన్నాను. ఆమె గుడ్డ ముడి మళ్లీ బిగించింది. ఆ సాయంత్రం బస్సెక్కేటప్పుడు గొడుగు మరిచిపోయి వెళ్లింది.

ఏడాది తిరిగేసరికి శారదకు పెళ్లి కుదిరింది. పెళ్లి రవికలు ఏడూ నేనే కుట్టాలని రామసుబ్బమ్మ హుకుం. రోజూ ఏదో ఒక వంకతో వచ్చేది, వచ్చినప్పుడల్లా ఇంటి నుంచి బొరుగుల ఉగ్గాని తెచ్చి, "తిను టీచరూ, ఎముకలు లెక్కబెట్టొచ్చు నిన్ను జూస్తే" అని నా పక్కన కూర్చుని తినేదాకా కదిలేది కాదు. ఆదివారం పెళ్లి. బుధవారానికి రవికలన్నీ అయిపోయాయి, చివరి హుక్కులు తప్ప. శుక్రవారం శారదను వెంటబెట్టుకొచ్చి, హుక్కులు కుట్టించుకుని తీసుకుపొమ్మని చెప్పాను. కానీ పెళ్లింటి మనిషికి ఆత్రం ఆగుతుందా? గురువారం మధ్యాహ్నం, ముందు తలుపు వేసి ఉంటే వెనక శిల్పుల కొట్టం మీదుగా చుట్టు తిరిగి, నేరుగా లోపలి గదిలోకి వచ్చేసింది.

లోపల మేము తొమ్మిది మందిమి చాప మీద కూర్చుని ఉన్నాము. ప్రతివాళ్ల ముందూ మాత్రల డబ్బా. గోడకు ఒక పెద్ద పటం. అందులో మనిషి బొమ్మ, జబ్బు ఎట్లా వస్తుంది, ఎట్లా రాదు అనేదానికి చుట్టూ చిన్న చిన్న బొమ్మలు. సిస్టరమ్మ చేతిలో బెత్తం. రామసుబ్బమ్మ పటం వైపు చూసింది, మా వైపు చూసింది.

"ఇదేంది?" అంది.

"మిషను భాగాల పటం రామసుబ్బమ్మా" అంది సిస్టరమ్మ. జీవితంలో ఆమె ఆడిన అబద్ధాలన్నింటిలోకీ అంత అధ్వానమైనది ఇంకోటి లేదు.

"నాకు సదువు రాకపోయినా మిషనుకీ మనిషికీ తేడా తెలుస్తాది" అని రామసుబ్బమ్మ నావైపు తిరిగింది. "టీచరూ, నువ్వేం జేస్తాండావు ఈడ?"

సిస్టరమ్మ మళ్లీ నోరు తెరిచింది. ఇంకో అబద్ధం వస్తోందని నాకు తెలుసు. దాన్నీ నిజం చేయడానికి అందరం నడుం కడతామనీ తెలుసు. కానీ నా పక్కన కూర్చుని ఉగ్గాని తినిపించిన మనిషి ఆమె. ఆమె మొహం చూస్తూ అబద్ధం వినడం నా వల్ల కాలేదు.

"నాగ్గూడా ఆ జబ్బు ఉండాదక్కా" అన్నాను. "దానికే వొచ్చినా ఈడికి. టీచరునైంది ఆ తర్వాత."

రామసుబ్బమ్మ షెల్ఫులో కట్టి పెట్టిన రవికల మూట వైపు ఒకసారి చూసింది. దాన్ని తీసుకోకుండానే, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

నా సంగతి శారద ద్వారా పాకిందేమో, శుక్రవారం ఒక్క పిల్ల కూడా రాలేదు. ఏడు స్టూళ్లూ ఖాళీ. నేను మిషన్ల మీద గుడ్డలు కప్పి, ఇంటికి పోతానని లేచాను. సిస్టరమ్మ ముందురోజు నంద్యాల వెళ్లలేదు, మా ఇంట్లోనే ఉండిపోయింది. "తప్పు నాదే. నీ బతుకును బోర్డు ఎనకాల దాచినా" అంది. తర్వాత వెళ్లి శారద మిషను ముందు కూర్చుంది. "కూర్చో టీచరూ. ఒక్క మనిషి ఉన్నా తరగతి తరగతే. నాకు నేర్పియ్యి" అంది. ఆ వాసనకు ముక్కు చిట్లించుకుంటూనే పొద్దుగూకులూ తొక్కింది. సాయంత్రానికి ఒక దిండు గలీబు కుట్టి, గర్వంగా నా చేతికిచ్చింది. చూస్తే నాలుగు వైపులా కుట్టేసింది. దిండు దూరడానికి దారి లేదు. ఏడవాల్సిన రోజున ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాము.

శనివారం పొద్దున రామసుబ్బమ్మ వచ్చింది. ఈసారి ముందు తలుపు నుంచే వచ్చింది. వస్తూనే సిస్టరమ్మ మీద విరుచుకుపడింది. "నిన్న నంద్యాలకు పోయినా. పెద్ద డాక్టరు కాడ పొద్దున్నించి వరసలో నిలబడి అడిగినా, ఆ జబ్బున్న మనిషి కుట్టిన గుడ్డ ఏసుకుంటే వస్తాదా, పక్కన కూర్చోని తింటే వస్తాదా అని. రాదమ్మా, భయపడొద్దు అన్న్యాడు. ఆ మాట మీరు జెప్పకూడదా? పెండ్లి పెట్టుకోని నేను బస్సెక్కి పోవాల్నా?"

"చెప్తే నమ్ముతావో లేదోనని..." అని సిస్టరమ్మ నసిగింది.

"నమ్మకనే గదా పోయింది! ఆయప్ప చెప్పినంక నమ్మినా" అని, రామసుబ్బమ్మ నావైపు తిరిగింది. గొంతు తగ్గింది. "ఏడాది నుంచి నా చేతి ఉగ్గాని తిన్యావు. ఒక్క మాట చెప్పలేదే టీచరూ." నేను తల వంచుకున్నాను. "సరే, లెయ్. రేపు తెల్లారే రా. హుక్కు కుట్టాల."

"ఎవురితోనన్నా కుట్టిచ్చుకోక్కా. పెండ్లికూతురి కాడికి నేను..." అన్నాను. జబ్బు సంగతి పక్కన పెట్టినా, పెళ్లికూతుర్ని చేసేచోటికి మొగుడు పోయినదాన్ని ఎవరు రానిస్తారు?

"నీ హుక్కు ఇంకోరు కుడితే యాడ అతుకుతాది?" అంది.

ఆదివారం పొద్దున శారద గది నిండా ముత్తైదువలు. నేను గుమ్మంలో ఆగిపోతే ఎవరో పెద్దావిడ, "ఈయమ్మ లోపలికా?" అని గొణిగింది. రామసుబ్బమ్మ వినపడేట్టుగా, "మా శారద టీచరు. పక్కకు జరుగు, దోవియ్యి" అంది. నా వెనకాల తెల్లచీరలో సిస్టరమ్మ. శారద పట్టు రవిక తొడుక్కుని నా ముందు నిలబడింది. "ఊపిరి పీల్చు" అన్నాను. సూది జాగ్రత్తగా పట్టుకుని, నిదానంగా, చివరి హుక్కు కుట్టి దారం తెంపాను. శారద నా చేయి పట్టుకుంది. ఈసారి నేను లాక్కోలేదు. అంత సంతోషం నా జీవితంలో అంతకుముందు నేనెరుగను.

సోమవారం నలుగురు పిల్లలు వచ్చారు, నెల తిరిగేసరికి ఏడుగురూ వచ్చారు. ఆ గదిలో చూసిన మిగతావాళ్ల పేర్లు రామసుబ్బమ్మ నోటి నుంచి ఎప్పుడూ ఎక్కడా బయటికి రాలేదు. సిస్టరమ్మ మా అందరినీ కూర్చోబెట్టి అడిగి, మేము ఒప్పుకున్నాకనే బోర్డు మార్పించింది. మా నాయన నల్లరాతి పలక మీద తనే చెక్కి, తనే నునుపు పట్టి తెచ్చాడు. పైన 'కుట్టు శిక్షణ కేంద్రం', కింద అంతే పెద్ద అక్షరాలతో 'హెచ్.ఐ.వి. సహాయ కేంద్రం'. రామసుబ్బమ్మ దాని ముందు కొబ్బరికాయ కొట్టింది, సిస్టరమ్మ శ్రుతి తప్పుతూ ప్రార్థన పాట పాడింది. ఎవరి పని వాళ్లు చేసుకున్నారు.

సిస్టరమ్మ పోయి మూడేళ్లయింది. నిండా బతికి, నంద్యాలలో తన మంచం మీదే పోయింది. 'నేనే ముందు పోతా' అని నాతో మొదటిరోజు చెప్పిన మాటను కూడా ఆమె నిజం చేసింది. ఆ పనిలో మాత్రం మా సాయం అడగలేదు. నేను ఒక్క పూట కూడా మాత్ర మానలేదు. నాలుగు వైపులా కుట్టేసిన ఆ గలీబు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. విప్పడానికి చేయి రాదు.

ఈ పొద్దున నూనె వేయడం అయ్యాక ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చేతిలో ఆసుపత్రి కార్డు, మొహం నిండా కన్నీళ్లు. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఎదురుగా కూర్చున్నాను. ఇంకా ఏమీ అడగనే లేదు, ఇద్దరు కాలేజీ పిల్లలు కుట్టు నేర్చుకుంటామని గుమ్మంలోకి వచ్చారు. ఆ అమ్మాయి గబుక్కున కార్డును కొంగులో దాచుకుంది. బయట బోర్డు ఎంత పెద్దదైనా, తన సంగతి ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో ఆమె ఇష్టం. వచ్చిన పిల్లల్లో ఒకతె అడగనే అడిగింది.

"ఎవురు మేడం ఆయక్క? ఏడుస్తాండాది?"

నేను గది చుట్టూ చూశాను. ఆలోచించకుండానే నా వేలు లేచింది.

"మా కొత్త టీచరు" అన్నాను. "మిషను బెల్టు తెగిందని."

ఆ అమ్మాయి తడి కళ్లతో నావైపు బిత్తరపోయి చూసింది. పిల్లల్ని సోమవారం రమ్మని పంపాక అడిగితే, పాపం, ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదట. ఏం ఫర్వాలేదు. సోమవారం దాకా టైముంది.